మాట పుట్టుక: జర్మన్‌వారి ‘మలోఖెన్’

కావలి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరాన్ని పోయిన నెల అచ్చువేసి, జవాబు ఈ నెల ఇస్తానని చెప్పాను. ఈలోగా అదే మాటను పట్టుకుని ఒంగోలు, చీమకుర్తి, నెల్లూరు నుంచి మరో మూడు ఉత్తరాలు వచ్చాయి. ఎక్కడో పరాయి దేశపు క్రియాపదం ఒకటి మన పాఠకులను ఇంతగా ఆలోచింపజేయడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క మాటకే.

ప్రశ్న: అయ్యా, మా అమ్మాయి నెల్లూరులో బి.యస్సీ నర్సింగ్ పూర్తిచేసి, జర్మన్ భాష నేర్చుకుని, జర్మనీలో గెల్జెన్‌కిర్షెన్ అనే ఊళ్లో ఆసుపత్రి ఉద్యోగంలో చేరింది. వార్డులో ఒక ముసలాయన ఉన్నాడట. పూర్వం బొగ్గు గనిలో పనిచేశాడట. రోజూ పిల్లను చూడగానే ‘మలోఖెన్’ అనే మాటతో ఏదో అంటాడట. తాను చదివిన పుస్తకాల్లో ఆ మాట లేదు. తోటి నర్సును అడిగితే, అది యిడ్డిష్ నుంచి వచ్చిన మాట అని మాత్రం చెప్పిందట. ఆ మాటకు అర్థమేమిటి? యిడ్డిష్ అంటే ఏ భాష? పిల్లను కించపరిచే మాట కాదు కదా?
– ఒక తల్లి, కావలి

జవాబు: ముందుగా మీ బెంగ తీరుస్తాను, అమ్మా. అది కించపరిచే మాట కాదు. ‘మలోఖెన్’ అంటే ఒళ్లు దాచుకోకుండా పనిచేయడం, మన వాడుకలో చెప్పాలంటే రెక్కలు ముక్కలు చేసుకోవడం. కుర్చీలో కూర్చుని కాగితాలు సరిచూసే పనికి ఈ మాటను సాధారణంగా వాడరు. నడుము వంచి, చెమటోడ్చి, సాయంత్రానికి ఒళ్లు పులిసిపోయే పనికే వాడతారు. రోగులను లేవనెత్తుతూ, పడుకోబెడుతూ, మంచాల మధ్య రాత్రంతా తిరిగే మీ అమ్మాయిని చూసి ఆ పెద్దాయన ఆ మాట అంటున్నాడంటే, ఆమె పడుతున్న కష్టం ఆయన కంటబడిందనే నేను అనుకుంటాను. జీవితమంతా నేల కింద గడిపిన మనిషి నోట అది మెచ్చుకోలు మాట.

ఆ ఊరి సంగతి కొంచెం తెలిస్తే ఆయన మాట ఇంకా బాగా అర్థమవుతుంది. గెల్జెన్‌కిర్షెన్ జర్మనీకి పడమటి వైపున రూర్ అనే బొగ్గు సీమలో ఉంది. ఎస్సెన్, బోఖుమ్, డోర్ట్‌ముండ్, బొట్రోప్ కూడా ఆ సీమ ఊళ్లే. తరాల తరబడి అక్కడి కుటుంబాలకు గని, ఉక్కు కొలిమి తప్ప వేరే బతుకుతెరువు ఉండేది కాదు. బొట్రోప్‌లోని ప్రోస్పర్-హానియెల్ గని 2018 డిసెంబరు 21న మూతపడడంతో జర్మనీలో రాతిబొగ్గు తవ్వకం ముగిసింది. ఆనాడు కార్మికులు చివరి బొగ్గు పెళ్లను పైకి తెచ్చి దేశాధ్యక్షుడు ఫ్రాంక్-వాల్టర్ ష్టైన్‌మైయర్ చేతిలో పెట్టారు. గనులు మూతపడ్డాయి గానీ గని మనుషుల మాట అలాగే ఉంది. కష్టమైన పనిని వారు ‘మలోఖె’ అంటారు, కష్టజీవిని ‘మలోఖర్’ అంటారు. గెల్జెన్‌కిర్షెన్‌లో 1904లో పుట్టిన షాల్కె ఫుట్‌బాల్ జట్టును అభిమానులు మలోఖర్ల జట్టు అని గర్వంగా చెప్పుకుంటారు.

మీ అమ్మాయి పుస్తకాల్లో ఈ మాట కనబడకపోవడానికి కారణం ఇది పూర్తిగా వాడుక మాట కావడమే. ఆసుపత్రి రికార్డులో గానీ పై అధికారికి రాసే ఉత్తరంలో గానీ దీన్ని రాయకూడదు. కబుర్లలో నిరభ్యంతరంగా అనవచ్చు. ఇంకొక చిన్న విశేషాన్ని కూడా ఆమెకు తెలియజేయండి, పరీక్షకు చదివిన వ్యాకరణం ఇక్కడ పనికొస్తుంది. పనిచేయడానికి మామూలు జర్మన్ మాట ‘ఆర్బైటెన్’. ‘పనిచేశాను’ అనేటప్పుడు దాని ముందు ‘గె’ చేరి ‘గెఆర్బైటెట్’ అవుతుంది. ‘మలోఖెన్’కు ఆ ‘గె’ చేరదు, ‘మలోఖ్ట్’ అంటే సరిపోతుంది. జర్మన్‌లో మొదటి అక్షరం మీద ఊనిక, అంటే నొక్కి పలకడం, లేని క్రియలకు ‘గె’ చేరకూడదనేది నియమం. ఈ క్రియలో ఊనిక ‘లో’ మీద పడుతుంది. అంటే, జర్మన్ నోళ్లలో ఇంతగా నలిగిన తరవాత కూడా ఈ మాట తాను యిడ్డిష్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఊనికను వదులుకోలేదన్నమాట.

ఇక యిడ్డిష్. అది మధ్య, తూర్పు ఐరోపా యూదుల ఇంటి భాష. వెయ్యేళ్ల కిందట రైన్ నది ఒడ్డున ఉన్న ఊళ్లలో స్థిరపడిన యూదులు అక్కడి జర్మన్‌ను తమ ఇంటి మాటగా చేసుకుని, ప్రార్థనకూ ధర్మశాస్త్రానికీ సంబంధించిన హీబ్రూ మాటలను అందులో కలుపుకున్నారు. తరవాత పోలండు, లిథువేనియా, ఉక్రెయిన్‌ల వైపు వలసపోయినప్పుడు అక్కడి స్లావు భాషల మాటలు కూడా వచ్చి చేరాయి. రాత మాత్రం హీబ్రూ లిపిలో, కుడి నుంచి ఎడమకు. మన వైష్ణవ వ్యాఖ్యానాల మణిప్రవాళాన్ని చూసినవారికి ఈ కలయిక కొత్తగా అనిపించదు. అక్కడ వాక్యం తమిళానిది, మాటల్లో సగం సంస్కృతానివి.

యిడ్డిష్‌లో మనకు దొరుకుతున్న అతి పాత వాక్యం 1272 నాటిది. జర్మనీలోని వోర్మ్స్ ఊరి యూదుల ప్రార్థన గ్రంథంలో, ఒక పేజీలో పెద్దగా అలంకరించి రాసిన హీబ్రూ పదం ఉంది. ఆ అక్షరాల బోలు భాగాల్లో, ఖాళీ వృథా కాకూడదన్నట్టు, చిన్న చిన్న అక్షరాలతో లేఖకుడు ఒక ఆశీర్వచనం ఇరికించాడు. ‘ఈ ప్రార్థన గ్రంథాన్ని ప్రార్థన మందిరానికి మోసుకుపోయేవానికి మంచి రోజు కలుగుగాక’ అని దాని భావం. గ్రంథమా, మోయలేనంత బరువైనది. మోసేవాడి కష్టం రాసేవాడికి తెలుసు. వాక్యం కట్టు జర్మన్‌ది, ప్రార్థన గ్రంథం, ప్రార్థన మందిరం అనే రెండు మాటలు మాత్రం హీబ్రూవి. ఆ గ్రంథం ఇప్పుడు జెరూసలేంలోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. మీ అమ్మాయి వింటున్న ‘మలోఖెన్’ కూడా సరిగ్గా ఆ అతుకు దగ్గర పుట్టిందే: ‘మలోఖ్’ హీబ్రూ, చివరి ‘ఎన్’ జర్మన్ క్రియల తోక.

ప్రశ్న: ఆ మాట హీబ్రూ మూలం కలదని విన్నాను. నేను మా సంఘంలో వాక్యపఠనం చేసేవాడిని. మూలంలో ఆ పదం పాత నిబంధనలో ఎక్కడైనా ఉందా? ఉంటే మన తెలుగు బైబిలులో దానికి ఏ మాట వాడారు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఉంది, అదీ మొదటి పేజీల్లోనే. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజున రెండు వేల మందికి పైగా బాప్తిస్మం పొందిన సీమ మీది. ఆదికాండం రెండో అధ్యాయం మీకు నేను చెప్పనక్కరలేదు. దేవుడు తాను చేసిన పనిని ముగించి ఏడో దినాన విశ్రమించాడనే చోట, తెలుగులో మనం ‘పని’ అని చదివే మాటకు మూలంలో ఉన్నది ‘మెలాఖా’. అదే యిడ్డిష్‌లో ‘మెలోఖె’ అయి, జర్మన్‌లో ‘మలోఖె’ అయింది. సృష్టికర్త చేసిన పనికి వాడిన మాట చివరికి బొగ్గు గనిలో పార పట్టినవాడి పనికి పేరైందని తెలిసినప్పుడు, నేను చాలాసేపు వేరే పుస్తకం తెరవలేకపోయాను.

మధ్యలో ‘లా’ ‘లో’గా మారిన సంగతిని చిన్నదిగా తీసివేయకండి, మాట ప్రయాణించిన దారికి సాక్ష్యం అదే. ఐరోపా యూదులు హీబ్రూను ఉచ్చరించే పద్ధతిలో, కొన్ని దీర్ఘ ‘ఆ’లు ‘ఓ’లుగా పలుకుతాయి, ఊనిక కూడా చివరి అక్షరం నుంచి ముందుకు జరుగుతుంది. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో హీబ్రూ చదివిన క్రైస్తవ పండితులు ఈ మాటను పుస్తకంలోంచి తెచ్చి ఉంటే అది ‘మెలాఖా’ లాగే ఉండేది. ‘మలోఖెన్’లో ‘ఓ’ ఉందంటే, అది యూదుల నోటి నుంచి పక్కవాడి చెవికి చేరిన మాట అని అర్థం.

అయితే మూలంలో ‘మెలాఖా’కు చెమట వాసన అంతగా లేదు. నిర్గమకాండంలో ప్రత్యక్ష గుడారాన్ని తయారుచేసిన బెసలేలు బంగారంతో, వెండితో, ఇత్తడితో, రత్నాలు చెక్కి, కర్ర మలిచి చేసిన పనులకు ఆ మాటే వాడారు. అంటే అది నేర్పు, హస్తకళ, విచిత్రమైన పనితనం. బానిసత్వంలో ఇటుకలు చేసే చాకిరీకి అదే గ్రంథంలో ‘అవోదా’ అనే వేరే మాట ఉంది. ఈ భేదం యూదుల ధర్మశాస్త్రంలో ఎంత దూరం పోయిందో చూడండి. విశ్రాంతి దినాన ‘మెలాఖా’ చేయకూడదన్న ఆజ్ఞలో, ఏవేవి మెలాఖా కిందికి వస్తాయన్న ప్రశ్నకు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంహిత జవాబు చెప్పింది. ‘నలభైకి ఒకటి తక్కువ’ అని లెక్క చెప్పి, పనులను పేరుపేరునా చదువుతుంది: విత్తడం, దున్నడం, కోయడం, పనలు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం, ఏరడం, విసరడం, జల్లించడం, పిండి కలపడం, కాల్చడం. ఇక్కడితో రొట్టె తయారైంది. అక్కడి నుంచి ఉన్ని కత్తిరించడం, ఉతకడం, ఏకడం, రంగు వేయడం, వడకడం, నేయడం, ముడివేయడం, ముడి విప్పడం. ఇంకా ముందుకు పోతే రెండు అక్షరాలు రాయడం, రెండు అక్షరాలు చెరపడం, కట్టడం, పడగొట్టడం, మంట ఆర్పడం, మంట పెట్టడం, సుత్తితో చివరి దెబ్బ కొట్టడం.

పెన్నా కాలువల కింద వరి పండించే రైతుకు ఈ జాబితాలో మొదటి ఆరు మాటలు తన ఇంటి మాటలే. కానీ గమనించవలసింది ఒకటుంది. బరువైన బల్లను ఇంట్లో ఒక గది నుంచి మరో గదికి మార్చితే చెమట కారుతుంది, అయినా అది మెలాఖా కాదు. కలంతో రెండు అక్షరాలు రాస్తే చేయి కూడా నొప్పి పుట్టదు, అయినా అది మెలాఖా. ఒక వస్తువును ఉన్న స్థితి నుంచి కొత్త స్థితికి తెచ్చే బుద్ధిపూర్వకమైన పని ఏదైనా మెలాఖాయే. పడిన శ్రమ ఎంత అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

మూల ధాతువు గురించి కూడా ఒక మాట. ‘మెలాఖా’ పుట్టిన ధాతువుకు ‘పంపడం’ అనే భావం ఉంది. పంపబడినవాడు ‘మల్ఆఖ్’, అంటే దూత. పాత నిబంధనలో చివరి గ్రంథం పేరు మలాకీ, ‘నా దూత’ అని దానికి అర్థం. రూర్ గని కార్మికుడి మలోఖె, మీరు చదివే మలాకీ ఒకే ధాతువు బిడ్డలు.

ప్రశ్న: నేను క్వారీలో బండకు రంధ్రాలు వేసే పని చేస్తాను. మాది ఒట్టి చాకిరీ అని మేమే అనుకుంటూ ఉంటాం. జర్మన్ భాషలో పనికి సొంత మాట ఉండగా, ఈ పరాయి మాటను ఎందుకు తెచ్చుకున్నారు? తెలుగులో కూడా అలా జరిగిందా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబు ఉంది, ‘చాకిరీ’ అన్న మాటలో. దాని దగ్గరకు వచ్చేముందు జర్మన్‌వారి సొంత మాట సంగతి చూద్దాం. ‘ఆర్బైట్’ అంటే ఈనాడు పని, ఉద్యోగం. పూర్వం దానికి ఇక్కట్లు, అగచాట్లు అనే అర్థం ఉండేది. సుమారు 1200 నాటి నీబెలుంగుల వీరగాథ మొదటి పద్యంలో ‘గొప్ప ఆరెబైట్’ అన్న ప్రయోగం కనిపిస్తుంది. అక్కడ కవి చెబుతున్నది వీరులు పడిన గొప్ప కష్టాల గురించి. కాలక్రమంలో ఆ మాటకు గౌరవం పెరిగింది. మంత్రి చేసేదీ ఆర్బైట్, గుమాస్తా చేసేదీ ఆర్బైట్ అయ్యాక, ఒళ్లు విరుచుకుని పనిచేసేవాడికి తన కష్టం చెప్పుకోవడానికి మాట లేకుండా పోయింది. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నది ‘మలోఖెన్’ అని నేను భావిస్తాను.

వచ్చేటప్పుడు దాని అర్థం కిందికి దిగింది. యిడ్డిష్‌లో ‘మెలోఖె’ అంటే చేతివృత్తి. దర్జీ, చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, గడియారాలు బాగుచేసేవాడు, వీరందరూ మెలోఖె తెలిసినవారు. ‘మెలోఖె ఇజ్ ఎ మెలూఖె’ అని వారికి ఒక సామెత ఉంది. చేతిలో వృత్తి ఉంటే రాజ్యం ఉన్నట్టే అని దాని భావం. హీబ్రూలో పనికీ రాజ్యానికీ ఉన్న మాటలు ఒక్క అచ్చు తేడాతో వినిపిస్తాయి కాబట్టి ఆ ప్రాస కుదిరింది. అంత మర్యాద గల మాట జర్మన్‌లోకి రాగానే రెక్కల కష్టం అయింది.

ఇప్పుడు మీ చాకిరీ చూడండి. ఫారసీలో ‘చాకర్’ అంటే సేవకుడు, ‘చాకరీ’ అంటే కొలువు. ఆ మాటే బెంగాలీలోకి పోయి ‘చాక్రి’ అయింది, అక్కడ ఈనాటికీ దానికి నెలజీతం వచ్చే మంచి ఉద్యోగమని అర్థం. కొడుక్కి చాక్రి దొరికిందంటే తల్లిదండ్రులు సంతోషిస్తారు. మన దగ్గర ‘గొడ్డు చాకిరీ’, ‘వెట్టి చాకిరీ’ అంటాం. కొడుక్కి చాకిరీ దొరికిందని ఏ తెలుగు తల్లీ సంతోషంగా చెప్పదు. దొరలు కొలువు అన్నదాన్ని, కింద నిలబడి మోసినవాడు తన ఒంటినొప్పితో పాటు విన్నాడు. తెలుగులో నిలిచింది ఆ కిందివాడి అర్థం. రూర్‌లో జరిగిందీ ఇంచుమించు ఇదే.

ఎదురు దిక్కున పోయిన మాట కూడా మన దగ్గర ఉంది. తెలుగులోనూ తమిళంలోనూ ‘కూలి’ అంటే దినం చివర చేతికి రావలసిన ప్రతిఫలం. దొరల ఆంగ్లంలో ‘కూలీ’ అంటే మనిషి. ఆ ఆంగ్ల మాట మన కూలి నుంచే పోయిందని కొందరు పండితులు, గుజరాత్ ప్రాంతపు కోలీల పేరు నుంచి వచ్చిందని మరికొందరు అంటారు. ఏ దారిన పోయినా, మద్రాసు నుంచి మనవాళ్లను ఎక్కించుకున్న ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరిన తరవాత, దక్షిణాఫ్రికాలో ఆ మాట తిట్టుగా స్థిరపడిపోయింది. కూలి ఇవ్వవలసినవాడు, కూలి అడిగేవాడికే ఆ పేరు పెట్టి పిలిచాడు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

నక్షత్రాలు చల్లినట్టుండే మీ ఊరి నల్లరాయి ప్రపంచమంతా పోతుంది. బండ ఏ పొర వెంట చీలుతుందో చేతితో తడిమి చెప్పగలవాడి పని యిడ్డిష్ లెక్కన మెలోఖె, జర్మన్ లెక్కన మలోఖె. రెండూ సరిపోతాయి.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. యిడ్డిష్ మాటలు జర్మన్‌లోకి దొంగల భాష ద్వారా వచ్చాయని చదివాను. ఇది నిజమా, లేక యూదుల మీద వేసిన నిందా? ఇలాంటి క్రియలు ఇంకేమున్నాయి?
– ఒక విద్యార్థిని, నెల్లూరు

జవాబు: మీ ప్రశ్నలో ఉన్న అనుమానం చాలా సరైనది. నిజం కొంత ఉంది, దాని చుట్టూ నింద కూడా చాలా పేరుకుంది.

జర్మన్ నేల మీద మధ్యయుగాల నుంచి ‘రొట్‌వెల్ష్’ అనే గుప్తభాష ఉండేది. ఊరూరా తిరిగే బిచ్చగాళ్లు, చిల్లర వ్యాపారులు, కత్తులు సానబట్టేవాళ్లు, పని వెతుక్కుంటూ నడిచే చేతివృత్తులవాళ్లు, వారితో పాటు దొంగలు కూడా దాన్ని మాట్లాడేవారు. 1510 ప్రాంతంలో ఈ సంచారుల మోసాలను వివరిస్తూ, వారి మాటల పట్టికతో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. దాన్ని 1528లో మార్టిన్ లూథర్ తన ముందుమాటతో మళ్లీ వేయించాడు. అందులో హీబ్రూ మాటలు చాలా ఉన్నాయి కాబట్టి ఆ భాష యూదుల నుంచే వచ్చిందని రాశాడు. మాటలు ఉన్నాయన్నది నిజం. భాష అంతా వారిదేనన్నది నిజం కాదు. రొట్‌వెల్ష్ కట్టు జర్మన్‌ది, మాటలు హీబ్రూవి, రోమా సంచారుల భాష రోమానీవి, లాటిన్‌వి, ఇంకా ఎన్నో. ఇళ్లూ పొలాలూ కొనుక్కునే హక్కు లేక, సంఘాల్లో చేరి వృత్తి చేసుకునే హక్కు లేక, ఊరి నుంచి ఊరికి తరిమివేయబడ్డ పేద యూదులు ఆ బాటల మీదే నడిచారు. బాటసారులు కలిసినచోట మాటలు కలిశాయి. ‘మలోఖె’ రొట్‌వెల్ష్ గుండా వచ్చినదే, కానీ దాని అర్థం ‘పని’ అని మరచిపోకూడదు. దొంగతనానికి పేరుగా కాదు, పనికి పేరుగానే అది జర్మన్ కార్మికుల నోళ్లలో మిగిలింది.

రెండో దారి పశువుల సంతలది. చిన్నతనంలో మా తాతగారి వెంట ఎడ్ల సంతకు వెళ్లినప్పుడు చూసిన దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఒక ఒంగోలు గిత్త పక్కన ఇద్దరు దళారులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకడు భుజం మీది కండువా తీసి ఇద్దరి చేతుల మీద కప్పాడు. కండువా కింద వేళ్లు వేళ్లను పట్టుకుంటున్నాయి. రెండు వేళ్లు కలిపి పట్టుకుంటే రెండు, అరచేయి మొత్తం పట్టుకుంటే అయిదు. చుట్టూ నలభై మంది ఉన్నారు, ఎవరికీ ధర తెలియదు. పైకి వినబడే మాట ఒక్కటే, ‘చాల్దు, ఇంకొంచెం చూడు’ అని. గిత్త మాత్రం మూపురం కదలకుండా నెమరువేస్తూ నిలబడింది.

దక్షిణ జర్మనీ పల్లెల్లో యూదు పశువుల వ్యాపారులు అదే పనిని కండువాతో కాక మాటలతో చేశారు. రైతు ముందు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు అంకెలు హీబ్రూలో చెప్పుకునేవారు, ఆవుకూ గుర్రానికీ హీబ్రూ పేర్లు వాడేవారు. ఏళ్ల తరబడి ఎదుట నిలబడి విన్న రైతులు ఆ మాటలు నేర్చేసుకున్నారు. బవేరియాలోని షోప్‌ఫ్లోఖ్ అనే ఊళ్లో అలా ఏర్పడిన మాండలికాన్ని ‘లఖౌడిష్’ అంటారు. ‘పవిత్ర భాష’ అనే అర్థం గల హీబ్రూ పదబంధమే ఆ పేరుకు మూలం. ఆ ఊరి యూదులు 1930ల చివరికల్లా వెళ్లగొట్టబడ్డారు. వారి మాటలను తరవాతి దశాబ్దాల్లో కూడా అక్కడి క్రైస్తవ రైతులు, తాపీ పనివారు పలుకుతూనే వచ్చారు.

ఇక మీరు అడిగిన తక్కిన క్రియలు. ‘ష్మూజెన్’ నాకు చాలా ఇష్టమైనది. హీబ్రూలో ‘షెమూఓత్’ అంటే చెవిన పడిన కబుర్లు. నేను ద్వేషింపబడ్డానన్న సంగతి దేవుడు విన్నాడని బైబిలులో యాకోబు భార్య లేయా తన కొడుకుకు షిమ్యోను అని పేరు పెట్టింది కదా, అదే ధాతువు. యిడ్డిష్‌లో అది కబుర్లు చెప్పుకోవడం అయింది. జర్మన్‌లో కబుర్ల నుంచి బుజ్జగింపుకు, బుజ్జగింపు నుంచి దగ్గరకు తీసుకుని ముద్దుచేయడానికి జరిగింది. తల్లి పసిబిడ్డతో చేసేది ష్మూజెన్. అమెరికాకు పోయిన యూదుల ద్వారా ఆంగ్లంలో చేరిన అదే మాటకు పని జరిపించుకోవడానికి తియ్యగా మాట్లాడడమనే అర్థం వచ్చింది. ‘త్సొకెన్’ అంటే జూదమాడడం, ఈనాటి పిల్లల వాడుకలో కంప్యూటరు ఆటలు ఆడడం. నవ్వడం, ఆడుకోవడం అనే హీబ్రూ మూలం నుంచి వచ్చింది, ఇస్సాకు పేరులో ఉన్నది ఆ నవ్వే. దివాలా తీయడాన్ని ‘ప్లైటె’ పోవడం అంటారు. దాని మూలానికి తప్పించుకోవడమని అర్థం. అప్పులవాళ్లకు చిక్కకుండా రాత్రికి రాత్రి ఊరు వదిలినవాడి చిత్రం అందులో ఉంది. కోర్టు కాగితం పేరులోని రెండు అక్షరాలు పట్టుకుని మన కోస్తాలో ‘ఐ.పి. పెట్టాడు’ అంటామే, ఆ మనిషే.

ఒక మాటను మాత్రం వాడవద్దని మీకు గట్టిగా చెబుతాను. ‘మౌషెల్న్’ అనే క్రియకు నేటి నిఘంటువుల్లో చాటుమాటుగా బేరాలు కుదుర్చుకోవడం అనే అర్థం కనిపిస్తుంది. అది మోషే అనే పేరు నుంచి వచ్చింది. యూదు వ్యాపారిని వెటకారంగా మోషే అని పిలిచి, వాడిలా మాట్లాడడం, వాడిలా మోసం చేయడం అనే అర్థంలో జర్మన్‌వారు కట్టిన మాట అది. యూదులు ఇచ్చిన మాట ‘మలోఖెన్’. యూదుల మీద విసిరిన మాట ‘మౌషెల్న్’. భాష నేర్చుకునేవారు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు యిడ్డిష్ మాట్లాడేవారు కోటీ పది లక్షల మంది వరకు ఉండేవారు. నాజీలు చంపిన 60 లక్షల యూదుల్లో ఎక్కువమంది ఇంటి భాష అదే. రూర్‌లో ఈ రోజు ‘మలోఖె’ అనే వారిలో ఎందరో, ఆ మాటను తమ సీమ సొంత మాటగానే అనుకుంటారు. అందుకే గెల్జెన్‌కిర్షెన్ ఆసుపత్రిలో ఒక నర్సు అది యిడ్డిష్ నుంచి వచ్చిందని తెలిసి చెప్పడం నాకు గొప్పగా తోచింది.

ప్రశ్న: ఉత్తరం మడిచాక గుర్తొచ్చి రాస్తున్నాను. ఆ పెద్దాయనకు మా అమ్మాయి తిరిగి ఏమని చెబితే బాగుంటుంది?
– కావలి పాఠకురాలే

జవాబు: ‘ఇష్ మలోఖె’ అంటే ‘చాకిరీ చేస్తున్నానండీ’ అని. ఆ ‘ఖ’ను తేలికగా పలకకూడదు, ‘ఖబర్’ అనే మాటను ఉర్దూ బాగా వచ్చినవారు గొంతు లోపలి నుంచి ఎలా పలుకుతారో, ‘మలోఖె’లో అలా పలకాలి. డ్యూటీ ముగించి వెళ్లేటప్పుడు ‘ఫైరాబెండ్’ అనమనండి. ఇక ఈ పూటకు పని అయిపోయిందని అర్థం. పండుగ ముందరి సాయంత్రం అని దాని పాత అర్థం. అప్పుడు ఆయన ‘గ్ల్యూక్ ఔఫ్’ అంటే కంగారు పడవద్దని చెప్పండి. గనిలోకి దిగేవాళ్లు క్షేమంగా పైకి రావాలని ఒకరికొకరు చెప్పుకునే పలకరింపు అది.